మరమ్మత్: అమీర్‌పేట్ గల్లీలో ఒక ఆల్విన్ బండి దాస్తాన్

మా మామూజాన్ బండి అమీర్‌పేట్ వెనక గల్లీలో వేపచెట్టు కింద నిలబడి నాలుగేళ్లయింది. ముందు టైర్లు రెండిట్లో గాలి లేదు. వెనక తొట్టిలో వేపాకులు కుళ్లి మట్టయితే, ఎవరో తిని పారేసిన బొప్పాయి గింజ అందులో మొలిచి నడుమెత్తు చెట్టయింది. గల్లీ వాళ్లకు అది కబాడా. పక్క హాస్టల్ పిల్లలు దాని అద్దం ఫ్రేముకు తాడు కట్టి బట్టలు ఆరేసుకుంటారు. మామూకు మాత్రం అది ‘నిస్సాన్’. ఇంకో పేరుతో ఆయన పిలవగా నేను వినలేదు.

పోయిన నెల మామూ కొడుకు ఫోన్ చేశాడు. "భాయ్, స్క్రాప్ ఆయన వచ్చి రేటు చెప్పి పోయిండు. అబ్బా ఒప్పుకుంటలేరు. మీరొచ్చి సంఝాయించండి, మీ మాటైతే వింటారు" అన్నాడు. మామూ ఎవరి మాటా వినరని ఖాందాన్ మొత్తానికీ ఎరుకే. అయినా వెళ్లాను. సంఝాయించడానికి పోయినవాణ్ని మూడు గంటలు ఆయన చెప్పింది విని వచ్చాను. ఇంటికొచ్చాక పాత కితాబులు, కాగితాలు తీసి కూర్చుంటే, ఆ తుప్పు పట్టిన బండిలో మన షహర్ తారీఖ్ ఎంత ఉందో అర్థమైంది.

మామూ గురించి రెండు ముక్కలు. అమ్మీకి తమ్ముడు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. చదువు నాలుగో జమాత్ దాకా, అదీ ఉర్దూలో. పన్నెండేళ్లకు బల్కంపేట్ వైపు ఒక రేకుల షెడ్డులో ఛోటూగా చేరారు. టింకరింగ్‌తో మొదలుపెట్టి ఇంజన్ పనిలోకి ఎదిగారు. దమ్మామ్ వెళ్లొచ్చారు. సొంత షెడ్డు పెట్టారు. మెట్రో పనులు మొదలయ్యే ముందు ఆ జాగా యజమాని ఖాళీ చేయమంటే చేసేసి ఇంట్లో కూర్చున్నారు.

ఇక షహర్ సంగతి. సనత్‌నగర్ అనే పేరు విని డిగ్రీలో నా తెలుగు క్లాస్‌మేట్లు సనత్కుమారుడి పేరు మీద వచ్చిందనుకునేవాళ్లు. ఉర్దూ మీడియం నుంచి వచ్చిన నాకు ఆ మాట వేరేగా వినబడేది. స్వాద్, నూన్, ఐన్, తే. సన్‌అత్. అంటే పరిశ్రమ. నిజాం జమానాలో కార్ఖానాల కోసం షహర్ బయట వదిలిన జాగా అది. తెలుగు నోట్లో ఐన్ జారిపోయింది, సనత్ మిగిలింది. పంజాగుట్ట పక్కన ఇర్రం మంజిల్‌ది ఉల్టా కథ. ఆ గుట్టను జనం ఎర్రగడ్డ అనేవాళ్లు. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ దాని మీద మహల్ కట్టుకుని, జనం నోటికి దగ్గరగా ఉండేలా ‘ఇరం’ అని పెట్టాడు. ఫారసీలో జన్నత్ లాంటి తోట అని మాట. ఒకచోట తెలుగు ఎరుపు ఫారసీ జన్నత్ అయింది, కొన్ని కిలోమీటర్ల అవతల ఉర్దూ పరిశ్రమ సంస్కృతం అయింది. మన ఇలాఖా అట్లాంటిది.

ఆ సన్‌అత్ జాగాలో మన కథకు కావలసిన కార్ఖానా ఆల్విన్. 1942లో, ప్రపంచ జంగ్ నడుస్తుండగా, ఆల్విన్ మెటల్ వర్క్స్ పేరుతో మొదలైంది. అలాద్దీన్ అండ్ కంపెనీ ఒక భాగస్వామి, నిజాం సర్కార్ ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఇంకో భాగస్వామి. ఈ ఫండ్‌ను 1929లో పెట్టారు. రియాసత్‌లో కార్ఖానా పెట్టేవాళ్లకు సర్కారు తన పైసా కలిపే ఏర్పాటు. 1943లో సికింద్రాబాద్ వైపు ప్రాగా టూల్స్ వచ్చింది, మెషిన్ టూల్స్ కోసం. నిజాం జమానా అంటే ముత్యాలు, హలీం, కంజూస్ నవాబు లతీఫాలు తప్ప ఇంకేం లేదన్నట్టు రాసేవాళ్ల మీద నాకు ఎప్పుడూ చిరాకే. ఆ జమానాలో జుల్మ్ ఉంది, జాగీర్లలో వెట్టి ఉంది, దాన్ని దాచే పని నాది కాదు. కానీ లేత్ మిషన్ కూడా ఉంది.

ఆల్విన్ చేసినవి మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. ఇనుప బీరువా, కుర్చీ, ఫ్రిజ్. తర్వాత జపాన్ సీకో వాళ్లతో కలిసి చేతి గడియారాలు. మా అబ్బా చేతికి చివరిదాకా ఉన్నది ఆల్విన్ గడియారమే. బస్సు బాడీలు సరేసరి, షహర్‌లో తిరిగిన డబుల్ డెక్కర్లకు కూడా ఆల్విన్ బాడీలు కట్టింది.

బస్సు దగ్గర కాస్త ఆగాలి. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది నౌకర్లతో మొదలుపెట్టింది. ఇవాళ్టి ఆర్టీసీకి అదే పునాది. ఆ కాలపు బస్సుల్లో పేరున్నవి ఆల్బియన్లు, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నుంచి వచ్చినవి. ఒక పాత ఆల్బియన్‌ను ఆర్టీసీ వాళ్లు రంగు వేసి కాపాడుకున్నారు కూడా. బస్సు నంబర్లో ఉండే జడ్ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరులోదని షహర్‌లో అంటారు. ఆ జడ్ నేటికీ తెలంగాణ బస్సుల మీద ఉంది.

ఆ జమానాలో బస్సుకైనా లారీకైనా ఒకటే తరీఖా. ఓడలో వచ్చేది ఛాసిస్, ఇంజన్, చక్రాలు. మీద బాడీ కట్టేది ఇక్కడి వడ్రంగి, ఇక్కడి కమ్మరి, ఇక్కడి టింకర్. అంటే మన సడక్ మీద బండి మొదటిరోజు నుంచే సగం విలాయతీ, సగం దేశీ. విలాయత్ సగంలో పుర్జా విరిగితే? జంగ్ రోజుల్లో ఓడల మీద బాంబులు పడుతుంటే గ్లాస్గో నుంచి గేరు పన్ను ఎప్పుడు వస్తుంది? కాబట్టి ఖరాదీ దగ్గరికి పోవాలి. విరిగిన ముక్క చూపించి ఇట్లాంటిదే కోసిపెట్టమనాలి. జంగ్ అయిపోయాక ఫౌజ్ వదిలిపోయిన జీపులు, ట్రక్కులు డిస్పోజల్ పేరిట మన దేశమంతటా అమ్ముడయ్యాయి. వాటిని విప్పి, కలిపి, మూడిట్లోంచి రెండు నడిచే బండ్లు తీసిన తరం అది. మా నానా ఆ తరం వాడు.

నానా ఒక నవాబు దేవిడీలో మోటార్‌ఖానా క్లీనర్. 1948లో పోలీస్ యాక్షన్. 1949లో జాగీర్ల రద్దు. జాగీర్లు పోవడం రైతుకు న్యాయం, ఆ మాట నేను గట్టిగానే చెప్తాను. కానీ ఆ దేవిడీల మీద, రియాసత్ ఫౌజ్ మీద, దఫ్తర్ల మీద బతికిన వేలాది చిన్న కుటుంబాలు ఒక్కసారిగా సడక్ మీదికొచ్చాయి. చదువున్నవాళ్లలో కొందరు కరాచీ వెళ్లారు. చదువు లేక, చేతిలో హునర్ ఉన్నవాళ్లు సైకిల్ రిపేర్, రిక్షా, వెల్డింగ్, మోటారు మెకానిక్ పనుల్లోకి వచ్చారు. నానా రెండు పానాలు, ఒక హతోడాతో చెట్టు కింద కూర్చున్నాడని అమ్మీ చెప్పేది. 2006 నాటి సచార్ కమిటీ రిపోర్టు చదువుతుంటే ఈ మాట గుర్తొచ్చింది. ముస్లింలు సొంతంగా చేసుకునే చిన్న పనుల్లోనే ఎక్కువగా ఉన్నారని, అందులోనూ మోటారు రిపేర్ ఒక ముఖ్యమైన పని అని అది లెక్కలతో చెప్పింది. లెక్కల్లో కనబడని మాట ఏమిటంటే, ఆ పనిలోకి మేం షౌఖ్‌తో రాలేదు.

షౌఖ్‌తో వచ్చినవాడు ఒకడున్నాడు. ఏడో నిజాం మనవడు ముకర్రం జా. పంజాగుట్ట నుంచి జూబ్లీహిల్స్ వైపు పోతే కేబీఆర్ పార్కు. నేషనల్ పార్కు అయిన ఆ అడవిలోనే ఆయన చిరాన్ ప్యాలెస్, దాని పక్కన పాత బండ్లు, పుర్జాలతో నిండిన మోటార్‌ఖానా. తాత నుంచి ఆయనకు దక్కిన అరవై కార్లలో నడిచేవి నాలుగేనని రాస్తారు. ఆయన ఆస్ట్రేలియా వెళ్లి గొర్రెల ఎస్టేట్ కొనుక్కుని, అక్కడ బుల్డోజర్లు నడుపుతూ, డీజిల్ ఇంజన్లు విప్పుతూ బతికాడు. 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో ఇంతెఖాల్ అయ్యారు, మక్కా మస్జిద్‌లో దఫన్ చేశారు. ఆ రోజు డ్యూటీ మీద నేనూ అక్కడున్నాను. "ఆయనకు గ్రీజు వాసన ఇష్టమట మామూ" అని ఇంటికొచ్చి చెబితే మామూ నవ్వలేదు. "గ్రీజు చేతుల్తో ఈద్ నమాజ్‌కు నిలబడితే తెలుస్తది ఇష్టమో కాదో. నాకు గోళ్ల సందుల్లోది ఇప్పటిదాకా పోలే" అన్నారు.

ఇక్కడ భాష సంగతి ఒకటి చెప్పాలి, నాకు దాని మీద మోజు. 1917లో దారుల్ తర్జుమా, మరుసటేడు ఉస్మానియా యూనివర్సిటీ, 1929లో ఇంజనీరింగ్ కాలేజీ. చదువంతా ఉర్దూలో. ఇంజన్ గురించి, భాప్ గురించి, బిజ్లీ గురించి పెద్ద పెద్ద ఆలిమ్‌లు కూర్చుని మాటలు తయారుచేశారు. మా స్కూల్ సైన్స్ కితాబులో ఇంజన్ లోపల ఇంధనం మండటాన్ని ‘ఎహ్తెరాఖ్’ అనేవాళ్లు. మామూ ముందు ఆ మాట అంటే ముఖం చిట్లించారు. షెడ్డులో ఆయన దానికి వాడే మాట "మాల్ జల్తా". అంతే. షెడ్డులో ఇంకో దారుల్ తర్జుమా నడిచింది, జీతాలు లేకుండా. లేత్ పని ఖరాద్ అయింది. స్క్రూడ్రైవర్ పేచ్‌కస్. బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు విల్లులా వంగి ఉంటుంది కాబట్టి కమాన్. పక్క షెడ్డులో ఉర్దూ అక్షరమొక్కటి రాని తెలుగు మేస్త్రీ కూడా "కమాన్ పట్టీ ఇరిగింది" అనే అంటాడు. మరమ్మతు అచ్చ తెలుగు మాటే అనుకునేవాళ్లు చాలామంది. అరబీలో పుట్టి, ఫారసీ, ఉర్దూ మీదుగా మన పంచాయతీ కాగితాల్లోకి వచ్చింది. ఉస్మానియాలో ఉర్దూ పోయింది, తర్జుమా కితాబులు అల్మారాల్లో పురుగు పట్టాయి. షెడ్డు మాటలు మాత్రం నేటికీ నూనె పూసుకుని తిరుగుతున్నాయి.

మామూ 1978లో దమ్మామ్ వెళ్లారు, 1986లో తిరిగొచ్చారు. అక్కడి షెడ్డులో చేతికొచ్చేవన్నీ జపాన్ పికప్‌లు. ఆయన వెళ్లినప్పుడు వాటి వెనక తలుపు మీద డాట్సన్ అని ఉండేది. కంపెనీ ఆ పేరు మెల్లగా తీసేస్తూ వచ్చి నిస్సాన్ అని పెట్టింది. ఎనిమిదేళ్లు ఆ ఇంజన్లే విప్పి, ఆ ఇంజన్లే బిగించి, ఇంటికొచ్చిన రెండో వారం కూకట్‌పల్లి సడక్ మీద నడుస్తుంటే ఎదురుగా ఒక కొత్త చిన్న ట్రక్కు. ముందు ఆల్విన్ నిస్సాన్ అని రాసుంది. "అల్లా కసమ్, దమ్మామ్‌లోనే ఉన్నానా అనిపించింది" అంటారు.

ఆ ట్రక్కు మన దగ్గర పుట్టిందే. 1980ల మధ్యలో జపాన్ కంపెనీల సాయంతో నాలుగు చిన్న ట్రక్కులు ఇంచుమించు ఒకేసారి మన దేశంలో దిగాయి. డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, నాలుగోది మన ఆల్విన్ నిస్సాన్. దాన్ని మెదక్ జిల్లా జహీరాబాద్‌లో, ఇప్పటి సంగారెడ్డి జిల్లా, తయారుచేశారు. మ్యాపు చూస్తే తమాషాగా ఉంటుంది. అమీర్‌పేట్ మీదుగా పోయే బొంబాయి సడక్ మీదనే సనత్‌నగర్, దాని మీదనే మియాపూర్, దాని మీదనే పటాన్‌చెరు, సదాశివపేట, జహీరాబాద్. కార్ఖానా ఆ సడక్ పట్టుకుని వంద కిలోమీటర్లు నడిచిపోయింది.

జపాన్ వాళ్లు దిగేసరికి టాటా వాళ్లు ఊరికే కూర్చోలేదు. 1986లో 407 దించారు. అది మన గతుకులకు, మన ఓవర్‌లోడ్‌కు తయారైన బండి, ఏ ఊరి మేస్త్రీ అయినా విప్పగలిగే బండి. నాలుగు జపాన్ జోడీలూ దాని ముందు చెమటోడ్చాయి. డీసీఎం టొయోటా అయితే 1990ల్లో చేతులు మారి దేవూ అయింది. కానీ పేరు చూడండి, ఇవాళ్టికీ మన తెలుగు పేపర్లో "డీసీఎం ఢీకొని" అని వస్తుంది. ఆ బండి ఐషర్‌దో టాటాదో అయి ఉంటుంది, నేను డెస్క్‌లో ఉండగా ఎన్నిసార్లు దిద్దబోయి వదిలేశానో. ఎక్కడో ఉత్తరాన తయారైన కంపెనీ పేరు మన షహర్‌లో ట్రక్కుకు మారుపేరై బతికింది. మన సొంత ఆల్విన్ పేరు ట్రక్కు మీద నుంచి పోయి, బస్‌స్టాప్ మీద మిగిలింది. ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా.

1980ల చివర ఆల్విన్ నిస్సాన్‌లో మహీంద్రా వాటా కొని, తర్వాత మొత్తంగా కలుపుకుంది. జహీరాబాద్ కార్ఖానా ఇప్పుడూ మహీంద్రాదే. ఈ మహీంద్రా 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ ఎవరో తెలుసా? మలిక్ గులాం మొహమ్మద్. 1940లలో హైదరాబాద్ రియాసత్‌లో ఫైనాన్స్ చూసిన వజీరే. బటవారా అయ్యాక పాకిస్తాన్ వెళ్లి మొదటి ఫైనాన్స్ మంత్రి, ఆ తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. ఇక్కడ కంపెనీ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అంటే హైదరాబాద్ ఖజానా తాళాలు పట్టుకున్న మనిషి మొదలుపెట్టిన కంపెనీలో ఒకటి, నలభై ఏళ్ల తర్వాత, హైదరాబాద్ ఖజానా పైసాతో మొదలైన కార్ఖానా పిల్లను ఎత్తుకుంది. ఆల్విన్ తల్లి కంపెనీ కూడా ముక్కలైంది. ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కు పోయింది. మిగతాది 1990ల్లో ఆరిపోయింది.

ఆరిపోయిన నాలుగేళ్లకు మామూ ఆ బండి కొన్నారు. 1999లో, ఒక సర్కారీ దఫ్తర్ కండెమ్ చేసి వేలం వేసిన ఆల్విన్ నిస్సాన్. ఇంజన్ జామ్. ఒక డోర్ లేదు. ముందు అద్దం లేదు. రెండు వానాకాలాలు గడ్డిలో నిలబడి కమాన్ పట్టీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ముమానీ ఆ రోజు అన్నం వండలేదట. చెల్లెలి పెళ్లికి దాచిన పైసాతో కొన్నారు మరి. నేనప్పుడు డిగ్రీ ఫైనల్ ఇయర్, సెలవుల్లో షెడ్డుకు పోయి కూర్చునేవాణ్ని. ఆ ఏడు నెలలు నాకు బాగా గుర్తు.

మొదట ఇంజన్. పిస్టన్లు బోరులో తుప్పుతో పట్టేశాయి. సుత్తి పెట్టి కొడితే పిస్టన్ పగులుతుంది, బోరూ గీసుకుపోతుంది. నాజిల్స్ విప్పి ఆ రంధ్రాల్లోంచి డీజిల్ పోశారు. ఒకరోజు కాదు, తొమ్మిది రోజులు. రోజూ ఫజర్ తర్వాత ఒకసారి, ఇషా తర్వాత ఒకసారి క్రాంకు మీద పెద్ద పానా పెట్టి మెల్లగా ఒత్తిడి ఇచ్చి చూసేవారు. పదో రోజు పొద్దున అది వెంట్రుకవాసి కదిలింది. ఛోటూ కేక పెట్టాడు. మామూ వాడి నెత్తి మీద ఒక్కటిచ్చి, "అరవకు, మళ్లీ పట్టేస్తది" అన్నారు.

విప్పాక బోరు అరిగి కోడిగుడ్డు ఆకారమైంది. అట్లాంటప్పుడు బోరును కొంచెం పెద్దగా కోసి, ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు. పావు మిల్లీమీటరు, అర, ముప్పావు, ఒకటి. ఇట్లా మెట్లుంటాయి. మన బండికి అర కావాలి. ఆల్విన్ నిస్సాన్ పిస్టన్ రాణిగంజ్‌లో లేదు. జీరాలో లేదు. కంపెనీయే లేదు కదా. మామూ దమ్మామ్ రోజుల దోస్త్ ఒకాయన అప్పటికి షార్జాలో పాత బండ్ల పుర్జాల మార్కెట్లో ఉన్నాడు. ఆయనకు ఉత్తరం రాసింది నేనే, మామూ చెబుతుంటే, ఉర్దూలో. కొలతలు, ఇంజన్ నంబరు, చివర్లో సలాం. నలభై రోజులకు ఒక హాజీ సాబ్ ఉమ్రా నుంచి వస్తూ దుబాయ్ మీదుగా తెచ్చిన సంచిలో, ఖర్జూరాల కింద, నాలుగు పిస్టన్లు. అబ్బా వాటిని చూసి, "ఇది తబర్రుక్కే" అన్నారు.

మిగతాదంతా దేశంలోనే. జీరా అంటే సికింద్రాబాద్‌లో పాత బండ్లు కోసి పుర్జాలుగా అమ్మే బస్తీ. అక్కడ రేట్ ముఖం చూసి చెప్తారు, అందుకని మామూ నన్ను దూరంగా నిలబెట్టేవారు, కాలేజీ చొక్కా చూస్తే రేటు పెరుగుతుందని. ఇతవార్ పొద్దున ఎర్రగడ్డ అంగడి. నేల మీద గోనె పరిచి పానాలు, బోల్టులు, మీటర్లు, ఎవరివో ఏ బండివో. ఇట్లాంటి చోట్ల దొంగ సరుకు కలుస్తుందనే బద్నామ్ ఉంది, అబద్ధమేం కాదు. మామూ ఇంజన్ నంబరు గీకేసిన ముక్క ఎంత చవకగా వచ్చినా ముట్టేవారు కాదు. "హరామ్ పుర్జా బండిని నడపదు, నడిపినా ఇంటికి తేదు" అనేవారు. డోర్ విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చింది, 1966 నుంచి లారీలు కట్టే ఊరది. డోర్ అంటే పూర్తిది కాదు, కింది సగం ఒక బండిది, పై సగం ఇంకో బండిది. మధ్యలో గ్యాస్ వెల్డింగ్, దాని మీద పుట్టీ, దాని మీద రంగు. పక్క అద్దాలు సాదా గాజు కోయించి పెట్టారు. ముందు అద్దం వంపు తిరిగింది, దాన్ని కోయించలేం. అది దొరకడానికి నాలుగు నెలలు పట్టింది. బీదర్ దగ్గర ఒక పొలంలో కోళ్ల గూడుకు కిటికీగా ఉందని ఒక డ్రైవర్ చెబితే పోయి, కోళ్లకు కొత్త జాలీ కొనిచ్చి తెచ్చుకున్నారు.

బేరింగ్ దగ్గర మామూ నేర్పింది ఇప్పటికీ మరవలేదు. చక్రం బేరింగ్ కోసం నేను ఆల్విన్ నిస్సాన్ అని అడుగుతుంటే ఆయన తలకొట్టుకున్నారు. "నామ్ నక్కో పూఛ్, నంబర్ పూఛ్" అన్నారు. పేరడగకు, నంబరు అడుగు. బేరింగ్ అంచు మీద చెక్కి ఉన్న నంబరు దునియా అంతా ఒకటే. 6205 అంటే జపాన్‌లో అయినా జర్మనీలో అయినా అదే కొలత. చివరి రెండంకెలు ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. 05 అంటే 25. నాలుగో జమాత్ చదివిన మనిషి తుప్పు మీద ఉమ్మి రుద్ది, ఆ అంకె చదివి, బియ్యం మిల్లు మోటారు బేరింగ్‌నీ, పంపుసెట్ బేరింగ్‌నీ వేరే బండి బేరింగ్‌నీ ఒకటే అని చెప్పేవారు. ఆయనకు కంపెనీలు లేవు, కొలతలే ఉన్నాయి.

2000 మొదట్లో బండి నడిచింది. ఫర్నిచర్ మోసింది, టెంట్‌హౌస్ సామాను మోసింది, మొహర్రంలో షర్బత్ డ్రమ్ములు మోసింది. అమీర్‌పేట్‌లో కంప్యూటర్ కోచింగులు పుట్టగొడుగుల్లా లేచిన రోజులు అవి. మైత్రీవనం చుట్టూ దిగిన ఇనుప కుర్చీల్లో, మానిటర్ డబ్బాల్లో ఎన్నో మామూ బండి మీదే వచ్చాయి. ఆ పైసాతోనే చెల్లెలి పెళ్లి, ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు. ఆ కోచింగులకు వచ్చే పిల్లల కోసం హాస్టళ్లు లేచి గల్లీ కిరాయిలు పెరిగాయి, షెడ్డులన్నీ బోరబండ, మూసాపేట్ వైపు జరిగాయి. 2017 నవంబర్లో అమీర్‌పేట్ మీదుగా మెట్రో మొదలైంది. మామూ ఇంకా ఎక్కలేదు.

ఇప్పుడు మామూ కొడుకు మాట. వాడిది తప్పంటే నేను ఒప్పుకోను. 2021 ఆగస్టులో కేంద్రం కొత్త స్క్రాప్ పాలసీ తెచ్చింది. రిజిస్టరైన కేంద్రంలో పాత బండిని అప్పజెబితే ఒక సర్టిఫికెట్ ఇస్తారు. దాంతో కొత్త ట్రాన్స్‌పోర్ట్ బండి కొంటే రోడ్ ట్యాక్స్‌లో 15 శాతం వరకు తగ్గించవచ్చు. మన వాడు చిన్న కొత్త ట్రాలీ కొని కిస్తీలు కట్టుకుందామనుకుంటున్నాడు. పాత డీజిల్ పొగ ఊపిరితిత్తులకు జహర్, అదీ నిజమే. పాత బండి ఉంచుకోవడం ఖరీదైన పని కూడా. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కే 600 ఉన్నది 5000 అయింది. సరుకు బండికి ఫిట్‌నెస్ వేరే బాధ.

అదే 2021లో ఇంకో రూల్ కూడా వచ్చింది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. వింటేజ్ బండ్ల రూల్. యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ అనే ప్రత్యేక నంబరు, 20,000 ఫీజు, పదేళ్ల రిజిస్ట్రేషన్. ప్రదర్శనకో ర్యాలీకో మాత్రమే తీయాలి. షరతులు చూడండి. సొంత వాడకం బండి అయి ఉండాలి, కిరాయిది కాకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అంటే నవాబు గారి గ్యారేజీలో కదలకుండా నిలబడ్డ కారు విరాసత్. రోజూ కదిలి, విరిగి, షార్జా పిస్టన్‌తో, బీదర్ అద్దంతో, విజయవాడ డోర్‌తో మళ్లీ లేచిన బండి భంగార్. వాడని దాన్నే కాపాడతాం అన్నట్టుంది కానూన్. మామూ బండికి యాభై ఏళ్లు నిండినా దానికి ఆ నంబరు రాదు. జహీరాబాద్‌లో పుట్టిన ఆ ట్రక్కుల్లో ఒక్కటైనా ఏదో మ్యూజియంలో ఉంటే చూడాలని నాకుంది. ఆల్బియన్‌కు ఆ ఇజ్జత్ దక్కింది కదా.

ఇదంతా నేను మామూతో అనలేదు. అంటే, "నీ పేపర్లో రాసుకో, నన్ను చాయ్ తాగనీ" అనేవారు. ఆయన చెప్పిన కారణం వేరే, ఒకటే. నారాయణఖేడ్ వైపు ఒక కూరగాయల వ్యాపారి దగ్గర ఇంకా ఒక ఆల్విన్ నిస్సాన్ తిరుగుతోంది. దాని స్టీరింగ్ బాక్సు పోయింది. ఏడాదిగా వెతుకుతున్నాడు, దొరకలేదు. మామూకు జీరా వాళ్ల ద్వారా ఈ సంగతి తెలిసింది. స్క్రాప్ ఆయనేమో బండి మొత్తంగా కావాలి, పుర్జా తీస్తే రేటు ఉండదు అంటున్నాడు. తండ్రీకొడుకుల మధ్య తకరార్ అంతా ఆ స్టీరింగ్ బాక్సు గురించి.

జుమ్మా నాడు నమాజ్ అయ్యాక ఆ నారాయణఖేడ్ ఆయన వచ్చాడు. తెలుగాయన, అరవై దాటి ఉంటాయి, చేతిలో సంచి, సంచిలో పచ్చి కందికాయలు. పైసా ఎంత అని అడిగాడు. "పాతది తెచ్చినవా?" అన్నారు మామూ. తెచ్చాడు. మామూ దాన్ని ఒళ్లో పెట్టుకుని షాఫ్టు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. తర్వాత కొడుకు వైపు చూడకుండా లుంగీ పైకి కట్టి బండి కిందికి దూరారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కొడుకు ఒక నిమిషం గుమ్మంలోనే నిలబడ్డాడు, ఆ తర్వాత లోపలికి పోయి పానాల డబ్బా తెచ్చి తనూ వంగాడు.

మూడు బోల్టులు తిరిగాయి. నాలుగోది తిరగలేదు. వాడు పైపు తగిలించి బలంగా లాగబోతే కింది నుంచి మామూ గొంతు వినబడింది. "నక్కో బేటా, టూట్ జాతా. డీజిల్ పోసి వదిలెయ్, పొద్దున చూద్దాం."

నారాయణఖేడ్ ఆయన ఆ రాత్రి మామూ ఇంట్లోనే ఆగిపోయాడు. ముమానీ ఆ కందికాయలు ఉడకబెట్టింది.